ఎవరికీ తెలియదన్న చోట

క్రియాటినిన్ ఆరు దాటిందని కాగితం మీద చూసిన రోజుకి నా ఒంట్లో చెప్పుకోదగ్గ నొప్పేమీ లేదు. కాళ్లు వాయలేదు, మొహం ఉబ్బలేదు, బీపీ కూడా పెద్దగా పెరగలేదు. అన్నం సయించడం లేదు, మధ్యాహ్నం క్లాసులో నిలబడి పాఠం చెప్పలేకపోతున్నాను, అంతే. ఉద్దానంలో ఈ జబ్బు తీరే అంత. బయటికి ఏమీ కనపడనివ్వదు. తెలిసేటప్పటికి కిడ్నీలు చాలావరకు పాడైపోయి ఉంటాయి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాలు మా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలతో ఎటు చూసినా పచ్చగా ఉంటుంది. 1990ల నుంచి ఇక్కడి మనుషుల్లో ఈ జబ్బును డాక్టర్లు గమనిస్తూ వచ్చారు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, భార లోహాలన్నారు, మండుటెండలో నీళ్లు తాగకుండా పనిచెయ్యడం అన్నారు, వంశంలోనే ఏదో ఉందన్నారు. ఇదే కారణం అని తేల్చినవాళ్లు లేరు. కారణం తేలని చోట మా ఊళ్లు ఒకటే మాట పట్టుకున్నాయి: దేవుడు రాశాడు. చావు ఇంటికి పరామర్శకు వెళ్లినా ఆ మాటే, కొత్తగా జబ్బు బయటపడ్డ ఇంటికి వెళ్లినా ఆ మాటే. నేనూ ఎన్నో ఇళ్ల అరుగుల మీద కూర్చుని ఆ మాట అన్నవాణ్ణే. అది నా గురించి ఇతరులు అనడం మొదలుపెట్టాక గానీ అందులో ఎంత బరువుందో తెలియలేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టార్ని. ఇద్దరు పిల్లలు. నా భార్య మా మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది.

డయాలసిస్ కోసం ఎడమ చేతికి ఫిస్టులా వేశారు. మణికట్టు పైన ధమనిని, సిరను కలిపి కుడతారు. కొన్ని వారాలకు ఆ నరం లావెక్కి, వేలు పెట్టి చూస్తే లోపల రక్తం గురగురమని పారుతూ ఉంటుంది. దానికి రెండు సూదులు. ఒక సూదిలోంచి రక్తం మిషన్‌లోకి వెళ్తుంది, రెండో సూదిలోంచి వెనక్కి వస్తుంది. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. ఒంట్లో చేరిన నీరు లాగేసేటప్పుడు పిక్కలు పట్టేస్తాయి. మగవాళ్లు కూడా అరుస్తారు. అదయ్యాక ఇంటికొచ్చి పడుకుంటే ఆ రోజు ఇంక లేనట్టే. తాగే నీళ్లు, మజ్జిగ, చారు అన్నీ కలిపి రోజుకి లీటరు దాటకూడదన్నారు. కొబ్బరినీళ్లు అసలు ముట్టుకోవద్దన్నారు, అందులో ఉండే పొటాషియం గుండెను ఆపేస్తుందట. అరటిపండు వద్దు, పనస వద్దు, జీడిపప్పు వద్దు. మా పెరట్లో పండేవన్నీ అవే. వేసవిలో నాలుక పిడచగట్టుకుపోతుంటే, మా నాన్న నాటిన కొబ్బరిచెట్టు కింద మంచం వేసుకుని, ఒక మంచుముక్క నోట్లో పెట్టుకుని పడుకునేవాణ్ణి.

డయాలసిస్ గదిలో పక్క మంచాలవాళ్లు బంధువుల కంటే దగ్గరవుతారు. నాకు కుడివైపు మంచం మీద ఒక అక్క ఉండేది. పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టే పనిలో ఇరవై ఏళ్లు గడిపిన మనిషి. జీడి నూనెకు వేళ్లు నల్లగా మారిపోయాయి. క్రైస్తవురాలు, ఆదివారం వంతు పడితే ఏడ్చేది, ప్రార్థనకు వెళ్లలేకపోయానని. ఎదురుగా ఒక పంతులుగారు. సంస్కృతం చెప్పి రిటైరైనవారు. మిషన్‌కి తగిలించిన నాలుగు గంటలూ మా ముగ్గురికీ మాటలు తప్ప వేరే పని లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడింది. పలాస దగ్గర తీరం దాటింది. మా నాన్న నాటిన చెట్లు, వాళ్ల నాన్న నాటినవి, తెల్లారేసరికి నేల మీద ఉన్నాయి. కొబ్బరిచెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్లన్నీ చెట్లు పడి మూసుకుపోయాయి. నా డయాలసిస్ రోజు దాటిపోయింది. రెండో రోజుకి ఊపిరి అందలేదు. పడుకుంటే నీళ్లలో మునిగినట్టుండేది, కూర్చునే రాత్రి గడిపాను. ఊళ్లో కుర్రాళ్లు గొడ్డళ్లతో చెట్లు నరుక్కుంటూ దారి చేసి, బైక్ మీద నన్ను మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఒకడు పట్టుకుని తీసుకెళ్లారు.

ఆ రాత్రి కూర్చున్నప్పుడే ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఇదంతా దేవుడికి ముందే తెలుసు. తుపానూ తెలుసు, నా కిడ్నీలూ తెలుసు, రేపు నేను బతుకుతానో లేదో కూడా తెలుసు. ఆయనకి తెలిసినది తప్పదు. మరి నేను చెయ్యడానికి మిగిలిందేమిటి? నీళ్లు కొలుచుకుని తాగడం ఎందుకు? సూదులు పొడిపించుకోవడం ఎందుకు? గొడ్డలి పట్టుకుని వచ్చిన ఆ కుర్రాళ్లు తమంతట తాము వచ్చారా, లేక రాకుండా ఉండలేక వచ్చారా?

తర్వాతి వారం గదిలో ఈ మాట బయటికి అన్నాను. పంతులుగారు పంచాంగం మాట ఎత్తారు. గ్రహణం ఎప్పుడో పంచాంగంలో రాసి ఉంటుంది, పంచాంగం రాసినందువల్ల గ్రహణం పట్టదు అన్నారు. అందరూ చెప్పేదే. నాకు నచ్చలేదు. చంద్రుడికి ఇష్టాయిష్టాలు లేవు కదా అన్నాను. అడగవలసింది చంద్రుణ్ణి కాదు, మనిషిని.

అక్క అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉంది. అలాగే ఉండి చెప్పింది. యేసు ప్రభువు పట్టుబడే రాత్రి పేతురుతో, కోడి కూసేలోగా నువ్వు నన్ను ఎరగనని మూడుసార్లు అంటావని ముందే చెప్పాడు. పేతురు చచ్చినా అననన్నాడు. తెల్లారేలోగా మూడుసార్లూ అన్నాడు.

"మరి పేతురు తప్పేటుంది అక్కా? ప్రభువు చెప్పేశాక ఇంకోలా ఎలా చేస్తాడు?" అన్నాను.

"అదే నేనూ అడిగీదాన్ని మాస్టారూ, మా పాస్టర్‌గార్ని. ఆయనేటో చెప్పారు, నాకు బుర్రకెక్కలేదు. కానీ ఒకటి చూడండి. కోడి కూశాక పేతురు బయటికెళ్లి ఏడిచాడు. నువ్వు ముందే చెప్పేశావు కదా ప్రభువా, మరి నన్నేటి చెయ్యమంటావు అనలేదు. అనడానికి ఆయన నోటికి రాలేదు. ఎందుకంటే ఆ మూడుసార్లూ అన్నది తనేనని ఆయనకి తెలుసు."

నేను చదివిన పుస్తకాల్లో కూడా ఈ వాదానికి ఇంతకంటే సూటిగా సమాధానం చూడలేదు. తెలిసి ఉండటాన్ని సాకుగా చూపించే అవకాశం పేతురుకి ఎవరికీ లేనంతగా ఉంది. దేవుడే నోటితో చెప్పాడు. అయినా ఆ సాకు ఆయనకి అబద్ధంగా తోచింది. లోపల నుంచి చూసినప్పుడు మనిషికి తన పని తనదిగానే కనిపిస్తుంది.

పంతులుగారు దాన్ని తమ చదువులోకి తెచ్చుకున్నారు. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఒక భేదం చూపించారని చెప్పారు. తెలుసుకోవడం అనేది తెలియబడే వస్తువును బట్టి ఉంటుంది, తెలుసుకునేవాడి ఇష్టాన్ని బట్టి కాదు. చెయ్యడం మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. చెయ్యొచ్చు, మానొచ్చు, మరో రకంగా చెయ్యొచ్చు. "దీన్ని భగవంతుడి జ్ఞానానికి వర్తింపజెయ్యడం నా సాహసం. శంకరులు ఆ సందర్భంలో చెప్పలేదు" అని కూడా అన్నారు. కానీ సాహసం చేశారు. నువ్వు చేసేదాన్ని బట్టి ఆయనకి తెలుస్తుంది గానీ, ఆయనకి తెలిసినదాన్ని బట్టి నువ్వు చెయ్యవు. నువ్వు రేపు మరోలా చేస్తే ఆయనకి మొదటి నుంచీ తెలిసినది ఆ మరోలాగే అయి ఉంటుంది. రామానుజులైతే శ్రీభాష్యంలో మొదటి ప్రయత్నం జీవుడిదేననీ, దాన్ని చూసి ఈశ్వరుడు అనుమతి ఇస్తాడనీ అన్నారట. గీత సంగతి నాకు తెలిసినదే. పదకొండో అధ్యాయంలో కృష్ణుడు వీళ్లందరినీ నేనిదివరకే చంపేశాను, నువ్వు నిమిత్తానివి అంటాడు. పద్దెనిమిదో అధ్యాయం చివరికొచ్చేసరికి, చెప్పవలసింది చెప్పాను, అంతా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అంటాడు. నేను ఈ రెండు మాటలూ పిల్లలకు వేర్వేరుగా చెప్పేవాణ్ణి. ఒకే నోటి నుంచి, ఒకే రోజున, ఒకే మనిషితో అన్న మాటలని ఆ మంచం మీద గానీ పట్టించుకోలేదు.

మాటలు అలా సాగుతుండగానే ఒళ్లు దిగజారిపోయింది. ఫిస్టులా ఒకసారి మూసుకుపోయింది. మెడలోంచి గొట్టం వేశారు. దానికి ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో విశాఖపట్నం వెళ్లాను. మాకు అది రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. అక్కడి డాక్టరు కిడ్నీ మార్పిడి గురించి ఆలోచించుకోండి అన్నారు. మా అన్నయ్యకి అప్పటికే క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. అమ్మ వయసు దాటిపోయింది. నా భార్య రక్తం గ్రూపూ నాదీ ఒకటే.

ఆ ఒక్క సంగతి తెలిసిన రోజు నుంచి మా ఇల్లు ఇల్లుగా లేదు.

మా పిన్ని వచ్చింది. నా భార్య చెయ్యి పట్టుకుని, "నీ పసుపు కుంకుమలు నీ చేతిలోనే ఉన్నాయమ్మా. గ్రూపు కలవడం దేవుడి లెక్క. నువ్వు ఇస్తావని ఆయన ముందే రాశాడు, లేకపోతే ఎందుకు కలుస్తుంది?" అంది. మర్నాడు మా మామయ్య వచ్చాడు. కూతుర్ని పెరట్లోకి పిలిచి, "రాసి ఉంటే డయాలసిస్ మీదే బతుకుతాడు, రాసి లేకపోతే నువ్విచ్చినా బతకడు. మధ్యన నీ కడుపెందుకు కొయ్యించుకోవడం? రేపు నీకూ అదే జబ్బొస్తే పిల్లల గతేటి?" అన్నాడు. కిటికీ ఇవతల మంచం మీద నేనున్నాను. వినపడుతుందని ఆయనకి తెలుసు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ భయం న్యాయమైనదే. ఉద్దానంలో ఎవరి కిడ్నీలు ఎన్నాళ్లుంటాయో ఎవరు చెప్పగలరు?

కానీ ఆ రెండు రోజుల్లో ఒక విషయం నా కళ్లముందు విడిపోయి కనిపించింది. ఒకే దేవుడు, ఒకే రాత. పిన్ని దాన్నే చూపించి ఇవ్వమంది, మామయ్య దాన్నే చూపించి ఇవ్వొద్దన్నాడు. రాసినది ఏమిటో ఇద్దరిలో ఒక్కరికీ తెలీదు. తెలిసినవాడు ఏమీ అనలేదు. ఆ పిల్ల భుజాల మీద పడ్డ బరువంతా తెలియనివాళ్లు పెట్టిందే.

మా ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కర్తే, మా అమ్మ. నా భార్య ఆవిడ చేతుల్లో పెరిగింది. అమ్మ నాతో ఒకటే మాట అంది: "అది ఇస్తుంది. నువ్వు మాత్రం అడగొద్దు." కోడలితో ఈ ఊసే ఎత్తలేదు. పిన్ని రెండోసారి వస్తే వాకిట్లోంచే పంపేసింది. ఒక మనిషి ఏం చేస్తుందో ముందే ఎరిగి ఉండటమూ, ఆ మనిషి చేత అది చేయించడమూ ఎంత దూరంగా ఉంటాయో అమ్మను చూసి నేర్చుకున్నాను. నమ్మకం లేనివాళ్లే తొందరపెడతారు.

నేను అడగలేదు. ఒక రాత్రి కంచం తీస్తూ, "నేను పరీక్షలు చేయించుకుంటాను బావా" అంది. వద్దని ఒక్కసారి అన్నాను. రెండోసారి అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. బతకాలని ఉంది.

పరీక్షలు నెలల తరబడి నడిచాయి. కణజాలం సరిపోయిందా, నా రక్తం ఆమె కణాల మీద తిరగబడుతుందా, ఆమె రెండు కిడ్నీలూ విడివిడిగా ఎంత పనిచేస్తున్నాయి, రక్తనాళాలు ఎలా ఉన్నాయి, అన్నీ చూశారు. ఉద్దానం మనిషి అని తెలిశాక మరీ జాగ్రత్తగా చూశారు. ఇంకో పక్క కాగితాలు. అవయవ మార్పిడి చట్టం 1994 నాటిది. దాని కింద 2014లో వచ్చిన నిబంధనల్లో, ఇచ్చేది స్త్రీ అయినప్పుడు మరింత జాగ్రత్త పడాలనీ, ఆమె స్వతంత్రంగానే ఒప్పుకుందని పుచ్చుకునేవాడు కాక వేరే మనిషి నిర్ధారించాలనీ ఉంది. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఆ నిబంధన రాసినవాళ్లకి మన ఇళ్లు బాగా తెలుసు.

మార్పిడికి అనుమతి ఇచ్చే కమిటీ ముందు మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టారు. వీడియో తీశారు. పెళ్లి ఫొటోలు, ఆధార్ కార్డులు, రెవెన్యూవాళ్ల సర్టిఫికెట్లు చూశారు. ఎవరైనా డబ్బిస్తామన్నారా, బెదిరించారా, బతిమాలారా, ఆపరేషన్‌లో చనిపోయే ప్రమాదం కొద్దిగా ఉంటుందని తెలుసా అని అడిగారు. తలుపు బయట బెంచీ మీద కూర్చుని నేను అనుకున్నాను: దేవుడి విషయంలో మేం ముగ్గురం మంచాల మీద తేల్చుకోలేకపోయిన ప్రశ్ననే వీళ్లు లోపల నా భార్యను అడుగుతున్నారు. ఇది నీ ఇష్టమేనా?

ఆపరేషన్ రోజున ముందుగా ఆమెను తీసుకెళ్లారు. స్ట్రెచర్ మీద నన్ను చూసి, చిన్నమ్మాయి ఫీజు కట్టావా అని అడిగింది. ఎడమ కిడ్నీ తీశారు. దాన్ని నా పొత్తికడుపులో కుడివైపు పెట్టారు. పాతవి రెండూ అలాగే లోపలే ఉంటాయి. నాకు తెలివొచ్చేసరికి పక్కన వేలాడుతున్న సంచిలో మూత్రం నిండుతోంది. చాలాకాలంగా ఒంట్లోంచి చుక్క రాని మనిషిని నేను. నర్సు అది కొలిచి కాగితం మీద రాసుకుంటూ ఉంటే ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె ఇంకో వార్డులో నొప్పితో ఉంది. నాకంటే ఆమెకే ఎక్కువ నొప్పి. ఇది ఎవరూ ముందు చెప్పరు. నా ఒంట్లోకి ప్రాణం వస్తోంది, ఆమె ఒంట్లోంచి తీశారు. నాలుగో రోజున గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి అద్దం అవతల నిలబడింది. ఇన్ఫెక్షన్ భయంతో లోపలికి రానివ్వలేదు.

ఆ రోజుల్లో ఒంటరి గదిలో చదివిన పుస్తకాల్లో బోయీథియస్‌ది ఒకటి. ఇటలీలో రాజు కొలువులో పెద్ద పదవులు చేసిన రోమన్. రాజద్రోహం నేరం మీద ఖైదులో పెడితే, మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ 524 ప్రాంతంలో ఆ పుస్తకం రాశాడు. చివరి భాగమంతా ఈ ప్రశ్నే. దేవుడికి నిన్నా రేపూ లేవు, అంతా ఆయన ముందు ఇప్పుడే జరుగుతోంది, ఒక మనిషి నడుస్తుంటే నేను చూస్తున్నంత మాత్రాన వాడు కట్టుబడి నడవడం లేదు కదా అంటాడు. చావు ముందు కూర్చుని రాసినవాడి మాటకు నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. కానీ అది చదివాక కూడా నాకు కుదురు దొరకలేదు. ఆయన దేవుడి చూపు మనల్ని అడ్డుకోదని చెప్పాడు. అడ్డుకోకపోవడంతో సరిపోతుందా? ఆ చూపు వల్ల మనకి ఒరిగేదేమిటి?

దానికి జవాబు నా భార్య దగ్గర ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మూడు నాలుగు నెలలకు క్రియాటినిన్ మళ్లీ పెరగడం మొదలైంది. ఒళ్లు ఆ కిడ్నీని తోసేస్తోందేమోనని డాక్టర్లు అనుమానించారు. బయాప్సీ చేశారు. అనుమానం నిజమే. మోతాదు పెంచి స్టెరాయిడ్లు ఎక్కించారు. ఆ రాత్రి నేను నిలవలేకపోయాను. నీ కిడ్నీ మట్టిపాలు చేశాను, అందరూ కలిసి నిన్ను ఒప్పించారు, నేను నోరు మూసుకుని ఒప్పించాను అని ఏవేవో అన్నాను.

"నన్నెవరూ ఒప్పించలేదు" అంది. అప్పుడు చెప్పింది. పరీక్షలన్నీ అయ్యాక, కమిటీకి ముందు, ఆసుపత్రిలో ఒక మేడమ్ ఆమెను ఒక్కర్తినే గదిలోకి పిలిచి తలుపు వేసింది. "ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పమ్మా. నీ కిడ్నీ ఇవ్వడానికి పనికిరాదని మేమే చెప్తాం. మీ ఆయనకి గానీ, అత్తగారికి గానీ, ఎవ్వరికీ తెలీదు" అంది. ఆలోచించుకోమని చెప్పి కాసేపు బయటికి వెళ్లింది.

"నువ్వేమనుకున్నావు?"

"చెప్పేద్దామనుకున్నాను బావా, వద్దని. నిజంగా. పిల్లలు కళ్లముందుకొచ్చారు. నాన్న అన్నది గుర్తొచ్చింది. ఎవరికీ తెలీదు కదా అనుకున్నాను. అంతలోకే, దేవుడికి తెలుస్తుంది కదా అనిపించింది."

"అంటే దేవుడికి భయపడి ఒప్పుకున్నావా?"

"కాదు. వద్దన్నా ఆయన నన్నేమీ అనడు. నేనెంత భయపడుతున్నానో ఆయనకి తెలుసు. మిగతా వాళ్లందరికీ నేను ఇస్తే మహాతల్లిని, ఇవ్వకపోతే పాపిష్టిదాన్ని. ఆయనకి మాత్రం ఎటు చెప్పినా నేను నేనే. ఆ మాట తోచాక గుండె దడ తగ్గింది. అప్పుడు ఇస్తానన్నాను."

ఆ తర్వాత నిద్రపోయింది. నేను పోలేదు.

ఆ గదిలో ఆమె వద్దని ఉంటే నాకు ఈ జన్మకి తెలిసేది కాదు. కుదరలేదట పాపం అని అందరం అనుకునేవాళ్లం. ఆమె సరేనన్నప్పుడు కూడా మేమందరం మా లెక్కలే వేసుకున్నాం. పిన్ని తన మాట పనిచేసిందనుకుంది, ఊరు పతివ్రత అంది, నేను మొహమాటానికి ఒప్పుకుందేమోనని కుమిలిపోయాను. అది ఆమె సొంత ఇష్టం అని సాక్ష్యం చెప్పగలిగినవాడు ఎవరు? వీడియో తీసిన కమిటీకి ఆమె నోటి మాటే తెలుసు. ఆమె ఆ కాసేపట్లో ఎటు ఊగిందో, ఎక్కడ నిలబడిందో చూసినవాడు ఒక్కడే. ఆయనకి తెలియకపోతే ఆ నిర్ణయం నాలాంటివాళ్ల ఊహలకు వదిలేసిన వస్తువైపోయేది. అన్నీ తెలిసిన దేవుడు ఉంటే మనిషికి స్వేచ్ఛ ఎక్కడిదని ఆ తుపాను రాత్రి నన్ను నేను అడిగాను. ఆయన లేకపోతే ఆమె స్వేచ్ఛ ఆమెదేనని ఎవరు ఎరుగుదురు అని ఈ రాత్రి నన్ను నేను అడిగాను. నేను తార్కికుణ్ణి కాను. దీనికి ఎదురు వాదాలు ఉంటాయి. కానీ ఆ గదిలో ఒక భయపడ్డ ఆడమనిషికి దేవుడి ఎరుక సంకెల కాలేదు, ఊపిరి తీసుకునే చోటు అయింది. ఇది నేను విన్నది, నమ్మినది.

స్టెరాయిడ్లు పనిచేశాయి. ఆ కిడ్నీ నిలబడింది.

అక్క నిలబడలేదు. ఆమె తమ్ముడు ఇస్తానన్నాడు, పరీక్షల దాకా వచ్చాడు, తర్వాత రాలేదు. ఫోను ఎత్తడం మానేశాడు. వార్డులో అందరూ వాణ్ణి తిట్టారు. అక్క తిట్టనివ్వలేదు. "ఇచ్చీది వాడి ఇష్టం అయినప్పుడు ఇవ్వకపోవడమూ వాడి ఇష్టమే కదండీ. ప్రభువుకి వాడి సంగతి తెలుసు, నా సంగతీ తెలుసు" అనేది. నేను మార్పిడి అయి ఇంటికొచ్చిన ఏడాదిలోపే చనిపోయింది. నా భార్య సరేననడం ఆమెది అయితే, ఆ తమ్ముడు రాకపోవడం అతనిదే. ఒకటి ఉంచుకుని రెండోది దేవుడి మీదికి నెట్టలేను. అయినా అక్క విషయంలో ఒక ప్రశ్న నాలో అలాగే ఉండిపోయింది. ఆమె ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోలేదు. ఆ జబ్బు ఆమె ఎంచుకున్నది కాదు, ఏ మనిషీ ఎంచి ఇచ్చింది కాదు. దేవుడికి తెలుసు, మనుషుల ఇష్టానికి అడ్డురాడు, సరే. ఎవరి ఇష్టమూ లేని చోట ఎందుకు అడ్డుపడలేదు? పంతులుగారు కర్మ అన్నారు. ఆయన మీద గౌరవంతో మారు మాట్లాడలేదు. ఒప్పుకోలేదు కూడా. అక్క వేళ్లు నాకు ఇంకా కనపడుతూనే ఉంటాయి.

ఉద్దానంలో కొన్ని మారాయి. 2023 డిసెంబరు 14న పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం కూడా ఆ రోజే మొదలైంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి నెలకు పది వేల పింఛను వస్తోంది. నీళ్లు మారితే జబ్బు ఆగుతుందో లేదో మా పిల్లల తరానికి తెలుస్తుంది. తోటలు మళ్లీ లేచాయి. నేను రోజూ పొద్దునా రాత్రీ గంట తప్పకుండా మాత్రలు వేసుకుంటాను. రాసి ఉన్నదే అవుతుందని మానేస్తే ఆ కిడ్నీ పోవచ్చు. నా భార్య ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటుంది. ఆ రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం దిగదు.

మా ఇంటికి ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు వస్తుంటారు. ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్లు సెలవు పెట్టాలి, ఇచ్చినవాళ్లు మళ్లీ పొలం పని చెయ్యగలరా అని అడుగుతారు. తెలిసింది చెప్తాను. ఈమధ్య కంచిలి వైపు నుంచి ఒక కుర్రాడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లు దాటి ఉండవు. నన్ను పక్కకి పిలిచి, "దీనికి కొంచెం నచ్చజెప్పండి మాస్టారూ. దేవుడు రాసిందే జరుగుతుంది గానీ ఇది బెదిరిపోతోంది" అన్నాడు. ఆ మాట నేను చెప్పనన్నాను. నువ్వు కూడా చెప్పొద్దన్నాను. మనసు నొచ్చుకున్నాడు, బతకాలనుకునేవాడి బాధ నాకు తెలియనిది కాదు. నా భార్య ఆ అమ్మాయిని లోపలికి తీసుకెళ్లింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

అతను ఇప్పటికీ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లి వస్తున్నాడు. ఆ అమ్మాయి ఇంకా ఏమీ చెప్పలేదట. అతను అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. అడిగావా అంటే, లేదు మాస్టారూ, మీరు వద్దన్నారు కదా అంటాడు.